స్విచ్చా, రెగ్యులేటరా?

ఆగిన బస్సులోంచి ఉమామహేశ్వర్ దిగగా చూశామని చెప్పేవాళ్లు నాచారంలో ఒక్కరు కూడా దొరకరు.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. రోడ్లన్నీ తవ్వి పెట్టడంతో బస్సులు ఎలాగూ నడకకంటే నెమ్మదిగానే వచ్చేవి. అయినా సరే, బస్సు నాచారం చౌరస్తా మలుపు తిరగగానే మనవాడు ఫుట్‌బోర్డు మీదికి వచ్చి, జుట్టు సవరించుకుని, నేల మీదికి దూకేవాడు. దూకాక నడుం వంచి, రెండడుగులు పరిగెత్తి, ఏమీ జరగనట్టు నిలబడేవాడు. ఇండస్ట్రియల్ ఏరియాలోని మాత్రల కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసే కుర్రాడికి రోజు మొత్తంలో దొరికే హీరోయిజం అంతే.

ఆ రోజు మాత్రం ఆ రెండో అడుగు పడాల్సిన చోట ఒక అమ్మాయి ఉంది.

ఆమె పడలేదు. ఆమె చేతిలోని టిఫిన్ బాక్స్ పడింది. మూత ఒకవైపు, పులిహోర ఒకవైపు.

"బస్సు ఆగదని ఎవరైనా చెప్పారా మీకు?" అందామె.

"సారీ మేడం. జర బ్యాలెన్స్ తప్పింది."

"పోయింది మీ బ్యాలెన్స్ కాదు, నా లంచ్."

సరిగ్గా అప్పుడే ఉమామహేశ్వర్ గుండె అందుకుంది. మామూలుగా కాదు. ఛాతీలోంచి గొంతు దాకా ఒకటే దడ. మెడలో నరం ఎగురుతోంది. ఎదురుగా చూస్తే కోపంతో ఇంకా పెద్దవైన రెండు కళ్లు, చంకలో మడత గొడుగు, గాలికి ముఖం మీద పడుతున్న జుట్టు. అతను చదువుకున్నది ఎలక్ట్రికలే అయినా, ఈ లెక్క తేల్చడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

చౌరస్తాలో చుట్టు తిరిగి మళ్లీ ఉప్పల్ వెళ్లేది ఆ బస్సే. అంటే అతను దిగే బస్సే రోజూ ఆమె ఎక్కే బస్సు. బస్సు ఆగాక, నింపాదిగా, మెట్టు మీద కాలు కుదిరిందో లేదో చూసుకుని మరీ ఎక్కి వెళ్లిపోయింది.

కంపెనీలో గిరిప్రసాద్ అంతా విన్నాడు. భీమవరం నుంచి వచ్చి ప్యాకింగ్ సెక్షన్‌లో స్థిరపడిన గిరిప్రసాద్, ప్రేమ విషయాల్లో కంపెనీ మొత్తానికి సలహాదారు. అతనికే ఇంకా ఎవరూ దొరకలేదన్న సంగతి మర్యాద కొద్దీ ఎవరూ ఎత్తరు.

"ఎలా కొట్టుకుందిరా?"

"కంప్రెసర్ ఆన్ చేసినట్టు అన్నా. లాకర్ రూంల బట్టలు మార్చుకునేదాంక ఆగలే."

"ఇంకేంటి, లవ్వే. డౌట్ లేదు."

మర్నాడు మళ్లీ దూకాడు. ఆమె ఉంది. గుండె దడదడలాడింది. ఆ మర్నాడూ అంతే. దూకకుండా దిగిన రోజు ఒక్కటున్నా ఈ కథ అక్కడే ఆగిపోయేది. కానీ అమ్మాయి చూస్తుండగా బస్సు ఆగేదాకా ఎవడు ఆగుతాడు?

పోయిన పులిహోరకు బదులుగా వాళ్లమ్మ సత్తమ్మ చేసిన సర్వపిండి తెచ్చిచ్చాడు. ఖాళీ బాక్స్ తిరిగి ఇవ్వకూడదని ఆమె అందులో కజ్జికాయలు పెట్టిచ్చింది. బాక్స్ అటూ ఇటూ తిరుగుతుండగా పేరు తెలిసింది: ధనశ్రీ. వాళ్లది తణుకు దగ్గర. నాన్న చిదంబరం గారి ఉద్యోగం కోసం వచ్చి హెచ్‌ఎంటీ నగర్‌లో ఉంటున్నారు.

"ఉప్పల్‌ల ఏం జేస్తరు?"

"హాస్పిటల్లో. టెక్నీషియన్‌ని."

"నేను గూడ టెక్నీషియన్‌నే!" అన్నాడు ఉమ. దేవుడు ఇంతకంటే స్పష్టంగా ఏం చెబుతాడనిపించింది. ఏ టెక్నీషియనో అడగాలని తోచలేదు.

ఒక రోజు పొద్దున్నే వాన. బస్ షెల్టర్ నిండా జనం. ధనశ్రీ ఒక పక్కగా గొడుగు వేసుకుని నిలబడింది. ఉమ నీళ్లలోకే దూకాడు. పక్కనున్న పెద్దాయన పంచె తడిసింది. పెద్దాయన తిట్టాడు. ఉమకు అవేవీ వినబడలేదు, గుండె అప్పటికే మొదలైంది. ఇవాళ చెప్పేయాల్సిందే అనుకున్నాడు.

"మీతోని ఒక మాట చెప్పాలె."

"ముందు ఊపిరి పీల్చుకోండి."

"గదే చెప్పేది. మిమ్మల్ని సూస్తే నాకు ఊపిరి ఆడదు. గుండె గిట్ల కొట్టుకుంటది. రోజూ గింతే. ఇగో, ఇప్పుడు గూడ కొట్టుకుంటున్నది. మీరంటే నాకు..."

ధనశ్రీ ముఖం ఎర్రబడింది. గొడుగు ఒకసారి గిర్రున తిప్పింది. నవ్వు పెదాల దాకా వచ్చింది. అంతలో ఆమె చూపు అతని మెడ మీద పడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"చెయ్యి ఇవ్వండి," అంది.

ఇంత తొందరగా చెయ్యి అడుగుతుందని గిరిప్రసాద్ కూడా చెప్పలేదు. ఉమ ఇచ్చేశాడు. మెత్తటి వేళ్లు మణికట్టు మీద ఆనాయి. అతను ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె వాచీలోకి చూస్తోంది.

"ఇది ఎలా మొదలవుతుంది?"

"మిమ్మల్ని సూడంగనే."

"అది కాదండీ. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు మెల్లగా పెరుగుతుందా, స్విచ్ వేసినట్టు టక్కున మొదలవుతుందా?"

తన సబ్జెక్ట్ వచ్చేసరికి ఉమకు హుషారొచ్చింది. "స్విచ్చే! టక్కున. ఆగేటప్పుడు గూడ టక్కుననే. ఎవరో మెయిన్ బంద్ చేసినట్టు."

అంటుండగానే నాడి టక్కున నెమ్మదించింది. ధనశ్రీ చెయ్యి వదిలేసింది.

"ఉమామహేశ్వర్ గారూ, ఇది ప్రేమ కాదండి. ప్రేమకైనా, భయానికైనా, పరుగుకైనా గుండె మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. టక్కున మొదలై టక్కున ఆగేది వేరే. మీరు కార్డియాలజిస్ట్‌ని చూడాలి."

"ఎవర్ని సూడాలె?"

"గుండె డాక్టర్ని. నేను డాక్టర్ని కాదు, ఈసీజీ తీసేదాన్ని. కానీ ఇలాంటివాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలామందికి ప్రాణం మీదికేం రాదు. అలాగని వదిలేయకూడదు. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంతకంటే ఆయాసం వచ్చినా ఇంక అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఏ హాస్పిటల్ దగ్గరుంటే ఆ ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. ఒక్కరే వెళ్లకండి."

ఆమె ఇంత చెప్పింది. అతను విన్నది మాత్రం "ఇది ప్రేమ కాదండి" అన్న ముక్క ఒక్కటే.

"కొత్త రకం రిజెక్షన్ రా ఇది," అన్నాడు గిరిప్రసాద్ టీ ఊదుకుంటూ. "మామూలుగా అన్నయ్యా అంటారు. ఈవిడ పేషెంట్ అంది."

"గిప్పుడేం జెయ్యాలె?"

"ఈసీజీ తీయించి మొహాన చూపించు. నీ గుండెలో రోగం లేదని తేలితే, ఉన్నది ప్రేమే కదా!"

ఈ తర్కం ఉమకు ఎంతగానో నచ్చింది. ఉప్పల్‌లో ఒక ల్యాబ్‌కు వెళ్లి ఈసీజీ తీయించుకున్నాడు. నార్మల్. అక్కడున్నాయన "గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. ఇంత ముఖ్యమైన కాగితం వానకు తడిసిపోతే ఎలా? టెన్త్ మెమో నుంచి రేషన్ కార్డు దాకా ఇంట్లో ఏ కాగితానికైనా లామినేషన్ చేయించడం సత్తమ్మ పెట్టిన నియమం. ఉమ నేరుగా జిరాక్స్ సెంటర్‌కు వెళ్లి దానికీ చేయించాడు.

ఈసీజీ కాగితం వేడి తగిలితే నల్లబడుతుందని అతనికేం తెలుసు? మిషన్‌లోంచి తళతళలాడుతూ బొగ్గులాంటి అట్ట బయటికి వచ్చింది.

మర్నాడు దాన్నే ధనశ్రీ చేతిలో పెట్టాడు.

"ఏంటిది? అమావాస్య ఫొటోనా?"

"నా గుండె. ఈసీజీ. ప్లాస్టిక్ ఎయ్యంగ నల్లగైంది గని, ముందు నార్మల్ ఉండె. అమ్మతోడు."

ధనశ్రీ ఆపుకోలేక నవ్వింది. చౌరస్తాలో బస్సుల వాళ్లు తిరిగి చూసేంతగా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది. "ఇది తీసేటప్పుడు దడ ఉందా?"

"లేదు. మీరు లేరు గద."

"దొంగ వెళ్లిపోయాక ఇంటికి ఫొటో తీస్తే దొంగ పడతాడా? దడ ఉండగానే తీయాలి. అప్పుడే దొరుకుతుంది. నా మాట వినండి, ఈసారి వచ్చినప్పుడు..."

"దొంగనా?" ఉమ ముఖం మాడిపోయింది. "నా మనసుల ఉన్నదాన్ని దొంగ అంటున్నరా? గింత నవ్వు నవ్వి గీ మాటనా? మంచిదమ్మా. ఇగ మిమ్మల్ని తిప్పలు పెట్ట."

అట్ట లాక్కుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి బస్సు మానేసి గిరిప్రసాద్ బండి వెనక కూర్చుని డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు. బండి మీంచి దూకే అవకాశం లేదు. దడ రాలేదు. "చూశావా, మర్చిపోతున్నావు," అన్నాడు గిరిప్రసాద్. అదేంటోగానీ దడ పోయినా బాక్స్ తెరిచినప్పుడల్లా కజ్జికాయలే గుర్తొస్తున్నాయని ఉమ అతనికి చెప్పలేదు.

అక్కడ చౌరస్తాలో ధనశ్రీ వచ్చిన ప్రతి బస్సు ఫుట్‌బోర్డు వైపూ చూస్తోంది. ఎవరూ దూకడం లేదు. మంచిదే కదా, కాళ్లు విరగవు అనుకుంది. అనుకుని, మళ్లీ తర్వాతి బస్సు వైపు చూసింది. రోగం ఉందన్న దిగులు ఒకటైతే, అది రోగమే అయితే మరి తనమీద ఏమీ లేనట్టేనా అన్న దిగులు ఇంకొకటి. రెండో దిగులు వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆదివారం సూపర్‌వైజర్ పరంధామయ్య ఉప్పల్‌లో కట్టుకున్న కొత్తింటికి గృహప్రవేశం. సీరియల్ లైట్ల బాధ్యత ఉమది. వంగి, గోడ మూలనున్న బోర్డులో ప్లగ్గు పెట్టి, చటుక్కున లేచి నిలబడ్డాడు. ఎదురుగా పరంధామయ్య. పట్టుపంచె, నుదుటిన బొట్టు, బారెడు మీసాలు, చేతిలో ప్రసాదం.

ఉమ గుండె టక్కున అందుకుంది.

"అన్నా," అన్నాడు ఉమ, పక్కనున్న గిరిప్రసాద్ చెయ్యి పట్టుకుని. "మళ్లా వచ్చింది. దడ."

"ఎవర్ని చూశావురా?"

"సార్‌ని."

గిరిప్రసాద్ సార్‌ని పైనుంచి కింది దాకా చూశాడు. ప్రేమ సలహాదారుగా ఇన్నేళ్లలో ఇలాంటి కేసు అతనికి తగల్లేదు. నవ్వబోయాడు గానీ ఉమ ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, గోడకు జారగిలబడటం చూసి నవ్వు మర్చిపోయాడు.

"అన్నా, కండ్లు తిరుగుతున్నయి."

"గ్యాస్‌రా అది," అన్నాడు పరంధామయ్య. "పొద్దుగాల్నుంచి ఏం తినలేదు గద. సోడా తాగితే సర్దుకుంటది. జర ఎవరన్నా సోడా తేండ్రి!"

వాన చప్పుడులో తను వినలేదనుకున్న మాటలన్నీ ఉమకు ఇప్పుడు వినిపించాయి. కళ్లు తిరిగితే ఆగకండి. ఏ హాస్పిటల్ దగ్గరుంటే అది. ఒక్కరే వెళ్లకండి.

"సోడా వద్దు సార్. దవాఖానకు పోవాలె. గిరన్నా, ఆటో పిలువు."

ఆటో మెట్రో స్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. "ఓర్చుకోరా, తగ్గిపోతుంది," అన్నాడు గిరిప్రసాద్.

"తగ్గొద్దన్నా! తగ్గితే దొరకది. దొంగ ఉండంగనే ఫొటో తియ్యాలె."

గిరిప్రసాద్ అతని నుదురు పట్టుకు చూశాడు, జ్వరం కూడా వచ్చిందేమోనని.

దగ్గరున్న హాస్పిటల్ ఎమర్జెన్సీలోకి నడిపించుకుని వెళ్లేసరికి, లోపలి గదిలోంచి నీలం కోటు వేసుకుని ధనశ్రీ బయటికి వచ్చింది. చూసింది.

"దొంగ లోపల్నే ఉన్నడు," అన్నాడు ఉమ ఆయాసపడుతూ. "జల్ది ఫొటో తియ్యున్రి."

తర్వాత అంతా పరుగే. చొక్కా గుండీలు, ఛాతీ మీద చల్లటి జెల్, వైర్లు. మిషన్‌లోంచి కాగితం బయటికి వస్తుంటే డ్యూటీ డాక్టర్ దాన్ని ఆత్రంగా లాగి చూశాడు. "దొరికింది," అన్నాడు. ఇలా చేస్తే దడ ఆగొచ్చంటూ ఉమ చేతికి సూది లేని సిరంజి ఇచ్చి గట్టిగా ఊదమన్నాడు. ఉమ బుగ్గలు బూరెల్లా చేసుకుని ఊదాడు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తారు. ఛాతీలో ఎవరో మెయిన్ ఆపేసినట్టు దడ ఆగిపోయింది.

ధనశ్రీ మిషన్ వైపు తిరిగి వైర్లు సర్దసాగింది. అవి సర్దే ఉన్నాయి.

"ఈసారి ఎవర్ని చూశారు?" అంది తిరక్కుండానే.

"మా పరంధామయ్య సార్‌ని. పట్టుపంచె కట్టుకున్నడు."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఉమకు తెలియలేదు. ఇటు తిరిగాక చూస్తే రెండూ ఉన్నాయి.

"అంటే మీరు నన్ను చూసి కాదు, దూకి దూకి తెచ్చుకున్నారన్నమాట. వంగి లేస్తే వచ్చేదాన్ని నామీద పెట్టారు."

ఇన్నాళ్లూ ఉమ చూపించిన రుజువు పరంధామయ్య మీసాల దగ్గర చెల్లకుండా పోయింది.

ఆ హాస్పిటల్ వాళ్లు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఉమ వాళ్లు సిటీలోని పెద్దాసుపత్రిలో డాక్టర్ తారామణి దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఈసీజీ చూసి, ఉమ ఏం పని చేస్తాడో అడిగి తెలుసుకుని, ఊరటగా నవ్వింది.

"అయితే నీకు చెప్పడం తేలిక. గుండె డాక్టర్లలో రక్తం పైపులు చూసేవాళ్లు వేరు, కరెంటు చూసేవాళ్లు వేరు. నేను కరెంటు. నీ గుండెలో పుట్టుకతోనే ఒక దారి ఎక్కువుంది. అప్పుడప్పుడు కరెంటు అందులో పడి గుండ్రంగా తిరుగుతోంది."

"షార్ట్ సర్క్యూటా మేడం?"

"దాదాపు అంతే. తొడ దగ్గర నరంలోంచి సన్నటి వైరు పంపి ఆ దారిని కాల్చేస్తాం. చాలామందికి మళ్లీ రాదు."

ఉమ నీళ్లు నమిలాడు. సత్తమ్మ పక్కన కూర్చుని ఉంది. గిరిప్రసాద్ తలుపు దగ్గర నిలబడ్డాడు. అయినా అడిగాడు.

"మేడం, గా దారి కాలిస్తే... దాంతోని ఇంకేమన్న పోతయా?"

"ఏం పోవాలి?"

"మనసుల ఉన్నయి."

తారామణి కళ్లజోడు తీసి అతన్ని కాసేపు చూసింది. "నా దగ్గరికి వచ్చినవాళ్లలో అలా ఎవరివీ పోలేదు నాయనా. పోయినా బాగుండునని కొందరు అనుకున్నారు గానీ."

అయినా ఉమకు ధైర్యం రాలేదు. ఆ సాయంత్రం పెద్దాసుపత్రి గేటు బయట ధనశ్రీ కలిసింది. డ్యూటీ అయ్యాక వచ్చింది.

"వాయిదా వేద్దామనుకుంటున్నారట? గిరిప్రసాద్ గారు చెప్పారు."

"భయమైతున్నది. నొప్పికి కాదు. గిదంతా పోయినంక మిమ్మల్ని సూస్తే నాకు ఏమీ అనిపియ్యకపోతే? ఉన్నది గుండె రోగమే తప్ప ఇంకేం లేదని తేలితే?"

ధనశ్రీ భయపడుతున్నది కూడా సరిగ్గా దానికే. కానీ ఆమె ఎన్నో ఈసీజీలు చూసింది. స్పృహ తప్పి మెట్ల మీద పడినవాళ్లను చూసింది.

"చేయించుకోండి," అంది. "ఆ తర్వాత కూడా చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పండి. ముందు చెప్పింది నేను లెక్కలోకి తీసుకోను. చెప్పాలనిపించకపోతే... అప్పుడు కూడా బస్సు ఆగాకే దిగండి."

చేయించుకున్నాడు. కళ్లు తెరిచే పడుకోబెట్టారు. దారి దొరకాలంటే దడ రావాలి కాబట్టి తారామణి మేడమే దాన్ని రప్పించింది. ఉమ తల తిప్పి చూస్తే మాస్కులు వేసుకున్నవాళ్లు తప్ప ఎవరూ లేరు. "ఎవర్నీ చూడకు, పైకి చూడు," అందావిడ. కాసేపటికి మళ్లీ రప్పించబోతే దడ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించినా రాలేదు.

"పోయింది," అంది మేడం. అందరూ సంతోషించారు. ఉమ ఒక్కడే ఛాతీ మీద చెయ్యి వేసుకుని బిక్కుబిక్కుమంటూ వెతుక్కున్నాడు.

ఇంటికొచ్చాక సత్తమ్మ దిష్టి తీసి, పక్కన కూర్చుంది. "గా పిల్ల ఎవర్రా? ఆపరేషన్ రూం బయట నా పక్కకే కూసున్నది. నా చెయ్యి పట్టుకున్నది. నాకు ధైర్యం చెప్తున్నదనుకున్న. సూస్తే దాని చెయ్యే వణుకుతున్నది. ఒకసారి ఇంటికి తోల్కరా. సర్వపిండి చేసి పెడ్త."

ఇంకా సెలవు ఉంది. అయినా పొద్దున్నే ఉమ ఉప్పల్‌లో బస్సెక్కాడు. నాచారం మలుపు వచ్చింది. కండక్టర్ అలవాటు ప్రకారం పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఉమ కదల్లేదు. బస్సు ఆగింది. ముసలివాళ్లు దిగారు, సంచులు దిగాయి, అందరికంటే చివర ఉమ దిగాడు.

ధనశ్రీ అక్కడే ఉంది. చినుకులు పడుతున్నాయి. గొడుగు ఉంది గానీ తెరవలేదు.

ఉమ ఆమె ముందు నిలబడి ఎదురుచూశాడు. ఏమీ లేదు. దడ లేదు, మెడలో నరం ఎగరడం లేదు. గుండె బుద్ధిమంతురాలిలా తన పని తను చేసుకుంటోంది. అతనికి ముచ్చెమటలు పట్టాయి.

"ఎలా ఉంది?" అంది ధనశ్రీ.

అబద్ధం చెప్పడం చేతకాలేదు. "ఏం లేదు. మంచిగ, నిమ్మళంగ ఉన్నది. అస్సలు కొట్టుకుంటలేదు."

"మంచిదే కదా," అంది ధనశ్రీ. ముఖం మాత్రం వాడిపోయింది. బస్సు వైపు అడుగు వేసింది.

"ఆగున్రి. ఇంకా చెప్పలే." ఉమ దారికి అడ్డంగా వచ్చాడు. "దడ లేదు. నిజమే. గని పొద్దుగాల లేవంగనే మీరు ఏం బాక్స్ తెచ్చుకుంటున్నరో అనుకున్న. వాన మొదలుగాంగనే గొడుగు మరిసిన్రేమో అనుకున్న. సెలవుల ఉండి గూడ డ్యూటీ ఉన్నోని లెక్క బస్సెక్కిన. గివన్ని గుండె జేసే పనులు గావు. గుండె సక్కగైంది, అయినా నేను వచ్చిన. మీరంటే నాకు మస్తు ఇష్టం. ఇది లెక్కలకు తీసుకుంటరా?"

ధనశ్రీ అతని మణికట్టు పట్టుకుంది. ఈసారి వాచీ వైపు చూడలేదు, అతని వైపే చూసింది. ఆమె అలా చూస్తూ ఉండగా ఉమ ఛాతీలో ఏదో కదిలింది. టక్కున కాదు. మెల్లగా, ఇంకాస్త, ఇంకాస్త.

"అరె, పెరుగుతున్నది! మళ్లా వచ్చిందా?" అన్నాడు కంగారుగా.

"ఇది అది కాదు. రెగ్యులేటర్," అంది ధనశ్రీ. ఆమె కళ్లు తడిసి నవ్వుతున్నాయి. "దీనికి స్పెషలిస్ట్ అక్కర్లేదు."

ఉమ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆమె చేసినట్టే వేళ్లు ఆనించాడు. ఎక్కడ ఆనించాలో సరిగ్గా తెలియలేదు. తెలిసేసరికి అతని ముఖం వెలిగిపోయింది.

"మీది గూడ పెరుగుతున్నది!"

"నాది మీరు పులిహోర పారబోసిన రోజు నుంచీ పెరుగుతూనే ఉంది. మీరే చూసుకోలేదు."

వెనక కండక్టర్ విజిలేశాడు. ఇద్దరూ కదల్లేదు. ఆమె ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

"మా అమ్మ మిమ్మల్ని ఇంటికి తోల్కరమ్మన్నది. సర్వపిండి చేస్తదంట," అన్నాడు ఉమ.

"వస్తాను. మా నాన్నగారి దగ్గరికి మీరూ రావాలి. మీ గుండె సంగతి ఆయనకు చెప్పాను, ముందు ఈసీజీ అడుగుతారు. తీసుకురండి, దయచేసి లామినేషన్ చేయించకండి."

వానలో ఇంకో బస్సు మలుపు తిరిగింది. ఉమ పాత అలవాటుకొద్దీ ఫుట్‌బోర్డు అందుకోబోయాడు. ధనశ్రీ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, గొడుగు తెరిచి ఇద్దరి మీదా పట్టింది.

"ఆగాక ఎక్కుదాం," అంది.